నాలుగు తీగలు, ఒక్క వన్స్ మోర్

బళ్లారి జిల్లాలో జాజ్ బేస్ వాయించేవాళ్లు ఎంతమంది ఉన్నారని ఇంతవరకూ ఎవరూ ఆరా తీయలేదు. తీయాల్సిన పనీ లేదు. నేనొక్కణ్నే. ఒక్కణ్నే కాబట్టి జిల్లాలో అందరికంటే బాగా వాయించేవాణ్నీ నేనే, అందరికంటే అధ్వానంగా వాయించేవాణ్నీ నేనే. ఈ రెండో సంగతి నమ్మేవాళ్లే ఎక్కువమంది.

గిటారులా ఉండే నా బేస్ చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇన్నేళ్లుగా మారలేదు. "నాలుగు తీగలే ఉండాయే, మిగతా రెండు యాడ పోయినాయప్పా?" గిటారుకి ఆరు తీగలుంటాయని సినిమాలు చూసి అందరికీ తెలుసు. నాకు నాలుగే ఉండేసరికి, కష్టం వచ్చి రెండు అమ్ముకున్నానేమో అన్నట్టు జాలిగా చూస్తారు. సిరుగుప్పలో ఒక పెళ్లిపెద్ద అయితే నన్ను పక్కకి పిలిచి, "తెగిపోయింటే చెప్పప్పా, సిగ్గుపడొద్దు, వేయించేద్దాం" అన్నాడు.

రెండో ప్రశ్న, "నువ్వు వాయిస్తాంటే ఏమీ వినపడదే?" అని. దీనికి నా దగ్గర మంచి జవాబు ఉండేది. బేస్ ఉన్నప్పుడు తెలియదు, ఆపేస్తే తెలుస్తుంది అనేవాణ్ని. ఒకాయన, "అట్లయితే ఒకసారి ఆపి చూపియ్యి" అన్నాడు. పాట మధ్యలో ఆపాను. ఆయన చెవి రిక్కించి విని, "ఏమీ తేడా లేదప్పా" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఆ జవాబు చెప్పడం మానేశాను.

నాకీ వెటకారం మా నాన్న నుంచే వచ్చింది. మా తాత కాలువ నీళ్లు వస్తున్నాయని విని కోస్తా నుంచి వచ్చి, ఎమ్మిగనూరు దగ్గర కోస్తా రైతులు కట్టుకున్న క్యాంపులో నేల కొని వరి పెట్టాడు. నాన్న ఇక్కడే పుట్టాడు. యాస ఈ ఊరిది, కోపం మాత్రం కోస్తాది అనేది అమ్మ. వరి మాకు తిండి పెట్టింది గానీ నాన్న ప్రాణమంతా హార్మోనియం పెట్టె మీదే. చుట్టుపక్కల ఏ ఊళ్లో పద్యనాటకం వేసినా ఆయనే హార్మోనిస్టు, ఆయనే మాస్టరు. లారీల ఓనరు, ఎరువుల కొట్టాయన, పంచాయతీ మెంబరు, ఎవరికి కిరీటం పెట్టుకుని స్టేజీ ఎక్కాలని బుద్ధి పుట్టినా, ముందు మా వసారాలో చాప మీద కూర్చుని రెండు నెలలు నాన్న చేత తిట్లు తినాల్సిందే.

పద్యనాటకం చూడనివాళ్లకి వన్స్ మోర్ అంటే ఏమిటో చెప్పాలి. నటుడు పద్యం పాడి చివర్లో రాగం తీస్తాడు. అది జనానికి నచ్చితే వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్" అని కేక పెడతారు. ఇక అంతే. యుద్ధం మధ్యలో ఉన్నా, బాణం తగిలి పడి ఉన్నా, వాడు లేచి దుమ్ము దులుపుకుని ఆ పద్యం మళ్లీ పాడాలి. అదీ ఉన్నదున్నట్టు. మొదటిసారి ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడో అక్కడే పీల్చుకోవాలి, ఎక్కడ గొంతు వణికించాడో అక్కడే వణికించాలి. కొంచెం తగ్గించినా వెనక వరసవాళ్లు, "ఏనప్పా, ఫస్టు పాడిండేది ఇది కాదు" అని లేస్తారు. అలాంటప్పుడు నటుణ్ని కాపాడేది నాన్నే. వాడు దారి తప్పబోతుంటే పెట్టె మీద ఆ స్వరం ముందే అందించి, చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు.

నాన్న తన నోటితో మాత్రం ఎవరికీ తేలిగ్గా వన్స్ మోర్ అనేవాడు కాదు. ఎప్పుడో, ఎవడో నిజంగా బాగా పాడితే, పెట్టె మీద చెయ్యి ఆపి, చిన్నగా ఆ మాట అనేవాడు. దానికోసం మీసాలున్న మగాళ్లు, ఊళ్లో పది మందిని గడగడలాడించేవాళ్లు, మా వసారాలో నోరు తెరుచుకుని ఎదురుచూడటం నేను చూశాను. నాకూ అదే కావాలనిపించేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా యాభై ఏళ్ల బతుకులో నేను కోరుకున్నది నాన్న నోటి నుంచి ఆ ఒక్క మాట. దానికోసం నేను ఎంచుకున్న దారి చూస్తే నా తెలివి ఎంతటిదో మీకే అర్థమవుతుంది.

పదిహేడేళ్లప్పుడు కాలేజీ పేరు చెప్పి బళ్లారిలో దిగాను. కంటోన్మెంట్‌లో ఒక పాత బంగళాలో, రైల్వే గార్డుగా రిటైరైన ముసలాయన ఉండేవాడు. ఆయన దగ్గర మనిషికన్నా ఎత్తున్న బేస్ ఒకటి ఉండేది. ఎప్పుడో దొరల క్లబ్బులో డాన్సులకు వాయించిన బ్యాండు తాలూకుదట. మొదటిసారి చూసినప్పుడు వడ్లు పోసుకునే గాదె అనుకున్నాను. ఆయన దాన్ని కౌగిలించుకుని వేలితో ఒక్క తీగ లాగాడు. ఆ మోత నా అరికాళ్లలోంచి పైకి వచ్చింది. ఆ రోజుతో నా చదువు అయిపోయింది.

ఆ గురువు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు, దక్కనీ నాలుగూ కలిపి తిట్టేవాడు. జాజ్ అంటే ఏమిటో ఆయన చెప్పింది ఇంతే. ఒక పాట ఎత్తుకుంటాం. ఒకసారి దాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తాం. తర్వాత పాటను పక్కన పెట్టి, దాని కింద ఉన్న స్వరాల మెట్లు మాత్రం పట్టుకుని, అప్పటికప్పుడు ఏది తోస్తే అది వాయించుకుంటూ పోతాం. బేస్ వాయించేవాడు మిగతావాళ్లు కింద పడకుండా అడుగున నడుస్తూ ఉంటాడు. వాళ్లంతా అలిసిపోయాక, పోనీలే పాపం అని వీడికీ కాసేపు వదిలేస్తారు. సరిగ్గా అప్పుడే జనం బాత్రూముకి లేస్తారు.

నేను ముందు రోజు వాయించిన ముక్క మళ్లీ వాయిస్తే గురువు కర్రతో నేల మీద కొట్టేవాడు. "ఏయ్, నిన్నటిది మళ్లా ఏంటికి వాయిస్తాండావు? నిన్నటి సాంబారు ఈపొద్దు తింటావా?"

"మా ఇంట్లో తింటాం సార్" అన్నాను. ఆ రోజు నాకు పాఠం చెప్పలేదు.

ఇంటికొచ్చి ఇదంతా నాన్నకి వివరించాను. శాంతంగా విన్నాడు. ఆయన శాంతంగా వింటే భయపడాలి.

"అంటే, ఒకసారి వాయించినది మళ్లా వాయించేకి మీకు రాదు. దానికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టుకున్నారు. అంతేనా?"

"రాక కాదు నాన్నా. వాయించం."

"రాదు అన్నా, వాయించం అన్నా, వినేవానికి రెండూ ఒకటే కదరా. ఆయ్తు బిడు, పోనీలే" అని పెట్టె ముందుకి లాక్కున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అదే మంటతో బెంగళూరు వెళ్లాను. ఒక పెద్ద హోటల్లో పియానో, డ్రమ్స్, నేను, ముగ్గురం కలిసి పధ్నాలుగేళ్లు వాయించాం. మా ఎదురుగా జనం తింటూ ఉండేవాళ్లు. నా బతుకులో నేను బాగా వాయించిన రోజులు అవే. దానికి సాక్షులు మాత్రం చేప ముళ్లు. ఒకసారి నేను కళ్లు మూసుకుని, ఒళ్లు మరిచి వాయిస్తుంటే మేనేజరు వచ్చి భుజం తట్టాడు. మూలన కూర్చున్న సారు ఫోన్లో మాట్లాడుకుంటున్నాడట, ఈ పెద్ద వీణని కాస్త మెల్లగా గోకమన్నాడట.

నాన్న కంటి పరీక్షకని బెంగళూరు వచ్చినప్పుడు పట్టుబట్టి హోటల్‌కి తీసుకెళ్లాను. తెల్ల పంచె కట్టుకుని, టమాటా సూపు ముందు పెట్టుకుని, గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. నేను ప్రాణం పెట్టి వాయించాను. బయటికొచ్చాక, "ఎట్లుంది నాన్నా?" అన్నాను.

"జనం బాగా తింటాండారు" అన్నాడు.

కొన్నాళ్లకి హోటల్‌వాళ్లు మా ముగ్గుర్నీ తీసేసి గోడకి స్పీకరు బిగించారు. దానికి భోజనం పెట్టక్కర్లేదు, అది కళ్లూ మూసుకోదు. నేను పెట్టే బేడా సర్దుకుని క్యాంపులో నాన్న ఇంటికి తిరిగొచ్చి, గిటారులా మెడలో వేసుకునే బేస్ కొనుక్కుని, బళ్లారిలో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాను. ఆ ఆర్కెస్ట్రాలో కీబోర్డు ఆయప్పే సర్వం. తబలా ఆయన బటన్లలో ఉంది, వయొలిన్ ఆయన బటన్లలో ఉంది, నా బేస్ కూడా ఆయన ఎడమచేతి కింద ఒక బటన్లో ఉంది. మరి నన్ను ఎందుకు పెట్టుకున్నారంటే, స్టేజీ మీద ఎడమ పక్క ఖాళీగా కనబడితే ఫోటోలు బాగుండవట.

నాన్నకీ నాకూ మధ్య సంగతి తేలింది కెంచనగుడ్డలో, మా చిన్నాన్న మనవరాలి పెళ్లిలో. ఏటి ఒడ్డున షామియానా వేశారు. మిట్టమధ్యాహ్నం, తలంబ్రాలు అయిపోయి, వంటవాళ్లు సాంబారు ఇంకా దించని సమయం. జెనరేటర్లో కరెంటు ఎగిసిపడి కీబోర్డు తాలూకు అడాప్టరు కాలిపోయింది. ఒక్క దెబ్బకి తబలా, వయొలిన్, సన్నాయి అన్నీ పోయాయి. కీబోర్డు ఆయప్ప కీబోర్డుని జ్వరం వచ్చిన పిల్లని ఊపినట్టు ఊపుతున్నాడు. పెళ్లికూతురి మేనమామ స్టేజీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏందప్పా ఇది, పాట నిలిచిపోయింది! జనం ఊటకి కూర్చునేకి ఇంగా అర్ధగంట ఉండాది, ఏదో ఒకటి కొట్టండప్పా!"

నా ఆంప్లిఫయరు ఒక్కటే బతికి ఉంది. అందరూ నా వైపు చూశారు. అడాప్టరు కాలిపోతే తప్ప నాకు అవకాశం రాని ఊళ్లో పుట్టినందుకు నవ్వొచ్చింది. మొదలుపెట్టాను.

ఏం వాయించాలని ఏమీ అనుకోలేదు. అడుగు తీగ మీద నాలుగు స్వరాలు మెల్లగా వేశాను. అవి ఎటు వెళ్తాయో చూశాను. కాసేపు ఒకచోట నిలబడ్డాను. ఏటి మీద నుంచి గాలి వచ్చి షామియానా గుడ్డ పటపటలాడితే, దానికి జవాబుగా రెండు తీగలు కలిపి లాగాను. అక్కడి నుంచి పైకి ఎక్కుతూ ఉంటే ఒకచోట వేలు జారి పక్క స్వరం మీద పడింది. అపస్వరమే. కానీ అక్కడే ఆగి, దాన్నే పట్టుకుని, మెల్లగా కిందికి దింపుకొచ్చాను. ఎంతసేపు వాయించానో తెలియదు. ఆపేసరికి షామియానాలో పిల్లల గోల తప్ప ఏమీ లేదు. ఎవరో, "అయిపోయిందా?" అన్నారు.

మొదటి వరసలో నాన్న కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం మడిచిన తమలపాకు.

"వన్స్ మోర్" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. వసారాలో అన్నట్టే, చిన్నగా. ఈ మాట కోసం కదరా ఇన్నేళ్లు అనుకున్నాను. అనుకుని, నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇంకోటి వాయించాను. నిన్నటిది వాయించకూడదన్న గురువు మాట కోసం అలా చేశానని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. నేను వాయించింది నాకు గుర్తు లేదు. ఒక్క ముక్క గుర్తు లేదు. మొదటి నాలుగు స్వరాలు ఏవో కూడా తెలియదు. ఆ కంగారులో వేళ్లు పైతీగల మీదికి పరిగెత్తించి, నాకొచ్చిన విద్యలన్నీ ఒక్కసారే గుమ్మరించాను. కుర్రాళ్లు ఈలలు వేశారు.

నాన్న చివరిదాకా విన్నాడు. "అది కాదు" అన్నాడు. ఆకుని పూర్తిగా మడిచి జేబులో పెట్టుకుని, అందరితో పాటు లేచి భోజనానికి వెళ్లిపోయాడు.

తర్వాత నేను పడ్డ తిప్పలు చెబితే నవ్వుతారు, నవ్వండి. ఆ పెళ్లిలో ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది, ప్రతివాడూ వీడియో తీశాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలి అన్నీ తెప్పించుకున్నాను. ఫోనుకి నా అడుగు తీగలంటే ఏమిటో తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. నేను కళ్లు మూసుకుని తల ఊపుతున్నాను, వేళ్లు కదులుతున్నాయి. వినపడేది మాత్రం ఎవరో పెద్దాయన దగ్గు, "సాంబారు దించిరా?" అని ఒక కేక, షామియానా గుడ్డ చప్పుడు. ఒక వీడియోలో మొదలు పది సెకన్లు నేను, మిగిలినదంతా పెళ్లికూతురి నగలు. కీబోర్డు ఆయప్ప వీడియో చూసి, "పోజు మాత్రం శానా బాగుండాది" అని ఓదార్చాడు.

నాన్ననే అడిగాను. "అది ఎట్ల మొదలైంది నాన్నా?"

"వాయించినోనివి నువ్వు. నన్ను అడుగుతావేందిరా?"

రోజూ ఆయన వినేటట్టు గదిలో కూర్చుని ఏవేవో ప్రయత్నించేవాణ్ని. వసారాలోంచి ఏ మాటా వచ్చేది కాదు. ఆయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి. ఒక్కసారి దొరికిన మాటను నా చేతులతో నేనే పాడుచేసుకున్నానని ఏడుపొచ్చేది. నిజంగానే ఒకరోజు స్నానాల గదిలో ఏడ్చాను.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున నేను లోపల తీగలు మారుస్తుంటే వసారాలో రిహార్సలు జరుగుతోంది. కంప్లి వైపు నుంచి బోరు లారీల ఓనరు ఒకాయన రాజు వేషానికి వస్తుండేవాడు. పెద్ద పొట్ట, మంచి గొంతు. పద్యం పాడి రాగం ఎత్తుకున్నాడు. వింటూ ఉంటే నా చేతిలోని తీగ జారిపోయింది. ఏదో తెలిసిన దారిలా ఉంది. నాలుగు స్వరాలు మెల్లగా, ఒకచోట నిలబడటం, రెండు స్వరాలు కలిపి లాగడం. రెండు స్థాయిలు పైకి ఎత్తి, మధ్యలో పద్యం మాటలు పొదిగి ఉన్నా, పోల్చుకున్నాను. పైకి ఎక్కుతూ ఒకచోట ఆయన ఆగిపోయాడు.

"మాస్టర్, ఈడ స్వరం తప్పు పోతాంది. పక్కది కదా రావాల?"

"తప్పు కాదప్పా. అది అట్లే ఉండాది" అన్నాడు నాన్న. "ఉండేదున్నట్టు పాడు. ఆ స్వరం మీద ఆగు. ఆగి, మెల్లగ దించు. తొందరపడొద్దు, ఏమీ కొంప మునగదు."

నేను వసారాలోకి వచ్చి నిలబడ్డాను. కోపమో, ఇంకేదో, నాకే తెలియదు. "నాన్నా, అది నాది!"

ఆయన పెట్టె మీద నుంచి తల ఎత్తలేదు. "నీదెట్లయితాదిరా? నువ్వు వాయిస్తివి, పారేస్తివి. నేను ఎత్తి పెట్టుకుంటి."

"నాకే నేర్పించి ఉండొచ్చు కదా?"

అప్పుడు చూశాడు నా వైపు. "నేర్పిస్తే వాయిస్తావా, ఉండేదున్నట్టు?"

రాజు వేషం ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, చల్లగా జారుకుని నీళ్లు తాగడానికి వెళ్లాడు. నాన్న మళ్లీ పెట్టె మీదికి వంగి, "ఆ తీగలు మార్చుకో పో, పని చూసుకో" అన్నాడు.

ఆ నాటకాన్ని బళ్లారిలో పోటీకి వేశారు. పగటి పూట, ఒక హాల్లో. నేను వెనక వరసలో, ఎవరి కంటా పడకుండా కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నా పెళ్లిళ్ల జనమే. నాలుగు తీగలేనా అని అడిగినవాళ్లు, ఆపితే తేడా తెలియనివాళ్లు. లారీల ఓనరు కిరీటం సవరించుకుని పద్యం ఎత్తుకున్నాడు. నాన్న పెట్టె మీద వంగి ఉన్నాడు. రాగం నా నాలుగు స్వరాలతో మొదలైంది. ఏటి గాలి దగ్గరికి వచ్చింది. తప్పు స్వరం దగ్గరికి వచ్చి, దాని మీద ఆగి, నేనైనా అంత ధైర్యంగా ఆగి ఉండనేమో, మెల్లగా కిందికి దిగింది. హాలు ఊగిపోయింది. "వన్స్ మోర్" అని ముందు నుంచి ఒకడు, పక్కల నుంచి పదిమంది, అదే మాట కన్నడంలో "మత్తొమ్మె, మత్తొమ్మె" అని బాల్కనీ మొత్తం.

ఆయన మళ్లీ పాడాడు. అవే ఊపిర్లు, అదే తప్పు. వెంట్రుకవాసి తేడా లేదు. కెంచనగుడ్డలో నేను ఏం వాయించానో నాకు మొదటిసారి పూర్తిగా తెలిసింది. చాలా బాగుంది. నేను అంత బాగా వాయించానని నాకెవరూ చెప్పలేదు.

పాట ఆగింది. జనం చప్పట్లు కొట్టి కూర్చోబోతున్నారు. నేను లేచి నిలబడి, మళ్లీ వాయించం అని ముప్పై ఏళ్లు బడాయి పోయిన గొంతుతో, "వన్స్ మోర్!" అని అరిచాను. మూడోసారి అడగడం మర్యాద కాదని పక్కవాళ్లు నా చొక్కా పట్టి లాగుతున్నారు. స్టేజీ మీద నాన్న తల ఎత్తి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవడా అరిచింది అని వెనక వరసల్లోకి వెతికాడు. నన్ను చూశాడు. చూసి, పెట్టె మీద మొదటి స్వరం అందించాడు. నేను నిలబడే విన్నాను, ఎక్కడ ఒక్క స్వరం మారినా ఊరుకునేది లేదని.